దేవుడు చూస్తాడు, స్టాలిన్ చూడడు: ఇటలీ, 1948

(తెనాలిలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను ఎన్నికల గురించి మాట్లాడమన్నారు. మన ఎన్నికల గురించి చెప్పడానికి తెనాలిలో టీ కొట్టుకి నలుగురున్నారు. ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని ఓట్లో వేళ్ల మీద లెక్క చెబుతారు. వాళ్ల ముందు నేనెంత! అందుకని ఎవరూ నన్ను నిలదీయలేనంత దూరం పోయి ఇటలీని పట్టుకున్నాను. 1948 ఏప్రిల్ 18, ఆదివారం. నేను పుట్టిన ఏడాదే లెండి.

డిగ్రీ పిల్లలకి ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పాను. పాఠంలో ఈ ఎన్నికకి రెండే వాక్యాలు ఉండేవి. అమెరికా డబ్బు ఇచ్చింది, పోపు ఆశీర్వదించాడు, కమ్యూనిస్టులు ఓడిపోయారు. అంతే. అది తప్పని నేను అనడం లేదు. కానీ చెప్పినప్పుడల్లా నాకు ఒక సందేహం మిగిలిపోయేది. ఇరవై ఏళ్లు సరైన ఎన్నికే చూడని దేశం. మూడేళ్ల కిందటే ఒకళ్లనొకళ్లు కాల్చుకున్న దేశం. తుపాకులు ఇంకా గడ్డివాముల్లో దాచి ఉన్నాయి. అలాంటి చోట ఓడినవాళ్లు ఓటమిని ఎందుకు ఒప్పుకున్నారు? గెలిచినవాళ్లు ఓడినవాళ్లని ఎందుకు బతకనిచ్చారు? ఇవాళ మాట్లాడాలనుకున్నది దాని గురించే.

కొంచెం వెనక్కి వెళ్దాం. ముస్సోలినీ 1922లో గద్దె ఎక్కాడు, 1943 జులైలో దిగిపోయాడు. దిగాక దేశం రెండు ముక్కలైంది. ఉత్తరాన జర్మన్లు, వాళ్ల చెప్పుచేతల్లో మళ్లీ ముస్సోలినీ. దక్షిణం నుంచి మిత్రరాజ్యాల సైన్యం ఒక్కో కొండే ఎక్కుతూ పైకి పోయింది. ఆ సైన్యంలో మనవాళ్లు కూడా ఉన్నారు. 4, 8, 10వ భారత డివిజన్లు ఇటలీలో పోరాడాయి. కసీనో కొండ దగ్గర మనవాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తరాన కొండల్లో ఇటాలియన్లే ఇటాలియన్ల మీద తుపాకులు ఎక్కుపెట్టారు. ఫాసిస్టుల మీద పోరాడిన దళాల్లో ఎక్కువ మంది కమ్యూనిస్టులు. 1945 ఏప్రిల్‌లో అది ముగిసినప్పుడు ఆయుధాలు అప్పగించమన్నారు. కొన్ని అప్పగించారు. అన్నీ అప్పగించారని అప్పుడూ ఎవరూ నమ్మలేదు, ఇప్పుడూ ఎవరూ నమ్మరు.

1946 జూన్ 2న మొదటి పెద్ద ఓటు. రాజు కావాలా, రిపబ్లిక్ కావాలా అని అడిగారు. రిపబ్లిక్‌కి కోటీ 27 లక్షలు, రాజుకి కోటీ 7 లక్షలు పడ్డాయి. తేడా 20 లక్షలే. దేశమంతటా ఆడవాళ్లు ఓటు వేసిన మొదటి జాతీయ ఎన్నిక అదే. ఆ రోజే రాజ్యాంగ సభనీ ఎన్నుకున్నారు. క్రిస్టియన్ డెమొక్రాట్లకి 35 శాతం, సోషలిస్టులకి 20.7, కమ్యూనిస్టులకి 18.9. ఈ అంకెలు మనసులో పెట్టుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మనుషులు. ముందు దె గాస్పెరి. క్రిస్టియన్ డెమొక్రాట్ల నాయకుడు, ప్రధాని. ఇటలీ ప్రధాని అన్నాను గానీ ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు ఇటలీలోనే లేదు. ఆల్ప్స్ కొండల్లో ట్రెంటో ప్రాంతం, అప్పుడది ఆస్ట్రియా చక్రవర్తిది. కుర్రవాడిగా వియన్నా పార్లమెంటులో కూర్చున్నాడు. తర్వాత ముస్సోలినీ ఆయన్ని జైల్లో పెట్టాడు. బయటికి వచ్చాక పని ఎవరిస్తారు? వాటికన్ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం దొరికింది. ఏళ్ల తరబడి అక్కడ పుస్తకాల జాబితాలు రాసుకుంటూ కాలం గడిపాడు. గ్రంథాలయంలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది. మన లైబ్రేరియన్ గారు కూడా కాస్త జాగ్రత్తగా ఉండాలి, ఏ రోజు ప్రధాని అవుతారో!

అవతల తొల్యాత్తి. కమ్యూనిస్టు నాయకుడు, చదువుకున్నవాడు, కళ్లజోడు, గొంతెత్తి అరిచే రకం కాదు. ముస్సోలినీ కాలంలో ఏళ్లకేళ్లు మాస్కోలో ఉండి 1944లో తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే, రాజు సంగతి తర్వాత చూద్దాం, ముందు జర్మన్లని తరుముదాం అని రాజుగారి ప్రభుత్వంలోనే చేరాడు. సొంత పార్టీవాళ్లకే దిమ్మతిరిగింది. తర్వాత న్యాయశాఖ మంత్రి అయ్యి ఫాసిస్టులకి క్షమాభిక్ష ఇచ్చింది కూడా ఈయనే. అంతకన్నా చిత్రం ఇంకోటుంది. చర్చితో ముస్సోలినీ చేసుకున్న ఒప్పందాలని కొత్త రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అని 1947 మార్చిలో ఓటింగ్ జరిగితే, సోషలిస్టులు వద్దన్నారు, కమ్యూనిస్టులు సరే అన్నారు. చర్చితో తగవు ఎందుకని. ఏడాది తిరగకుండానే ఆ చర్చే వీళ్ల మీద ఊరూరా ఎలా లేచిందో చూద్దురుగాని.

మూడో మనిషి సోషలిస్టు నాయకుడు నెన్ని. 1911లో లిబియా యుద్ధం వద్దని గొడవ చేసి జైలుకి పోయాడు. అప్పటికి ఆయన ఇంకా సోషలిస్టు కాదు, రిపబ్లికన్. అదే జైల్లో ఆయనతో పాటు అదే నేరానికి కూర్చున్న సోషలిస్టు ఎవరో తెలుసా? ముస్సోలినీ. చరిత్ర ఇలాంటి వేళాకోళాలు అప్పుడప్పుడు చేస్తుంటుంది.

1947 మే దాకా ఈ ముగ్గురి పార్టీలూ ఒకే మంత్రివర్గంలో ఉన్నాయి. ఆ నెలలో దె గాస్పెరి ఎడమవాళ్లిద్దరినీ బయటికి పంపేశాడు. అంతకుముందే సోషలిస్టుల్లో చీలిక వచ్చింది. మాస్కోతో సంబంధం వద్దన్న సరగాట్ తన మనుషులతో వేరు కుంపటి పెట్టుకున్నాడు. మిగిలిన సోషలిస్టులూ కమ్యూనిస్టులూ కలిసి ఒకే జాబితాతో ప్రజాఫ్రంట్ అని నిలబడ్డారు. గుర్తుగా నక్షత్రం మీద గరిబాల్డీ ముఖం పెట్టుకున్నారు. మనకి అల్లూరి ఎలాగో వాళ్లకి గరిబాల్డీ అలాగ. గడ్డం, చూపు, ఆ ముఖం ప్రతి ఇంట్లో తెలుసు. మంచి గుర్తే. కానీ అవతలివాళ్లు ఏం చేశారంటే, గరిబాల్డీ బొమ్మని తలకిందులు చేస్తే స్టాలిన్ ముఖం కనిపించేలా పోస్టర్ వేశారు. గోడ మీద సగం పని ఆ ఒక్క బొమ్మే చేసి ఉంటుంది.

1948 ఫిబ్రవరిలో చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో కమ్యూనిస్టులు అధికారం మొత్తం చేతిలోకి తీసుకున్నారు. మార్చి 10న అక్కడి విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ కిటికీ కింద శవమై కనిపించాడు. దూకాడా, తోశారా? ఆ గొడవ ఇంకా తేలలేదు. ఇటలీలో మాత్రం ఆ క్షణం నుంచి ఇది రొట్టె ఎన్నిక కాకుండా పోయింది. పోలండ్ అవుతామా, చెకోస్లొవేకియా అవుతామా అన్న టెన్షన్ పట్టుకుంది. నిజానికి ఆ దేశంలో రొట్టె సమస్య చిన్నది కాదు. ఇరవై లక్షల దాకా నిరుద్యోగులు. దక్షిణాన బీడు భూములు ఆక్రమించుకుంటున్న కూలీలు. ఫ్రంట్ దాని గురించే మాట్లాడాలనుకుంది, మాట్లాడింది కూడా. వినేవాళ్ల చెవుల్లో ప్రాగ్ మోగుతోంది.

ఇక చర్చి సంగతి. మన ఫిరంగిపురం వైపు వాళ్లకి విచారణ అంటే ఏమిటో, విచారణ గురువు అంటే ఎవరో నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి చెబుతున్నాను, ఒక చర్చి, ఒక గురువు కింద ఉండే ప్రాంతాన్ని కాథలిక్కులు విచారణ అంటారు. ఇటలీలో ప్రతి ఊరూ ఏదో ఒక విచారణ కిందకి వస్తుంది. లుయీజీ జెద్దా అని ఒక డాక్టరు, కాథలిక్ యువజన సంఘాల్లో పెరిగిన మనిషి, పోపు పన్నెండవ పయస్ అండతో ఆ ఫిబ్రవరిలో పౌర సమితులు పెట్టాడు. పార్టీ కాదు, చర్చి కూడా కాదు. విచారణకొక సమితి. పని ఏమిటంటే, జాబితాలో పేరుందా చూడటం, ముసలివాళ్లని మోసుకెళ్లడం, ఓటు ఎలా వెయ్యాలో నేర్పించడం. అంటే మనం ఇవాళ బూత్ కమిటీ అంటామే, అదే. గుడి గంట కొట్టే చోట బూత్ కమిటీ పెట్టాడాయన. మఠం దాటి బయటికి రాని కన్యాస్త్రీలని కూడా ఓటుకి తీసుకొచ్చారు. మిలాన్ అగ్రపీఠాధిపతి, కమ్యూనిస్టులకి పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, క్షమాపణ ఇవ్వకూడదన్నాడు. నమ్మకం ఉన్న ముసలమ్మకి ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. కొడుకు కమ్యూనిస్టయితే ఆ ఇంట్లో ఆ రాత్రి అన్నం దగ్గర ఏం జరిగుంటుందో కూడా.

పోస్టర్లు చూస్తే ఇవాళ్టి మన ఐటీ సెల్ వాళ్లు కూడా దణ్ణం పెడతారు. ఒకదాంట్లో ముళ్లకంచె వెనక సైనికుడి అస్థిపంజరం. కింద, "అమ్మా, నా తరఫున కూడా వాళ్లకి వ్యతిరేకంగా ఓటెయ్" అని. ముస్సోలినీ రష్యాకి పంపిన సైన్యంలో 70 వేలకు పైగా తిరిగి రాలేదు. ఎక్కడ పోయారో చాలా మందికి కబురే లేదు. ఆ అమ్మలు 1948లో ఇంకా గుమ్మం వైపు చూస్తున్నారు. వాళ్ల బిడ్డల్ని ఆ మంచులోకి తోసింది ముస్సోలినీ అని పోస్టర్ చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ దానికి లేదు. నాకు ఆ పోస్టర్ అంటే కోపం. అయినా కళ్లు తిప్పుకోలేను.

రెండోది ఇంకా పేరుపడింది. ఒక హాస్యపత్రిక సంపాదకుడు పుట్టించాడంటారు: "ఓటింగ్ గదిలో దేవుడు నిన్ను చూస్తాడు, స్టాలిన్ చూడడు." ఎంత తెలివో చూడండి. రహస్య ఓటు అంటే ఎవరూ చూడరు అని కదా మనం చెప్పుకునేది. ఇది అలా అనదు. ఎవరు చూస్తారో, ఎవరు చూడరో పంచి పెడుతుంది. చర్చికి భయపడేవాడికి బెదిరింపు, పార్టీ సెక్రటరీకి భయపడేవాడికి ధైర్యం. రెండూ ఒకే వాక్యంలో.

అమెరికా డబ్బు సంగతి దాటవేయను. సీఐఏ పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దాని మొదటి పెద్ద రహస్య పని ఇదే. నోట్ల సంచులు మోసుకెళ్లి ఇచ్చామని అందులో పనిచేసిన మనిషే తర్వాత చెప్పుకున్నాడు. ఎంత అన్నదానికి 10 లక్షల డాలర్ల నుంచి కోటి డాలర్ల దాకా లెక్కలు చెబుతారు. ఇటు మాస్కో డబ్బు లేదా అంటే, అదీ ఉంది. తొల్యాత్తి తర్వాతి వరుసలో ఉన్న సెక్కియా 1947 డిసెంబరులో మాస్కో వెళ్లి 6 లక్షల డాలర్లు అడిగిన సంగతి వాళ్ల కాగితాల్లోనే దొరికింది. చేతులు ఇద్దరివీ తడిశాయి. ఒకరివి ఎక్కువ తడిశాయి.

బహిరంగంగా జరిగింది రహస్యంగా జరిగినదానికన్నా బలమైనదని నా అభిప్రాయం. కమ్యూనిస్టులు గెలిస్తే సాయం ఆగిపోతుందని అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ మార్చిలో బాహాటంగానే చెప్పాడు. మరుసటి రోజే, మార్చి 20న, ట్రియెస్తె రేవు ఇటలీకే తిరిగి రావాలని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు ప్రకటించాయి. అదంతా ఒక ఎత్తు, ఉత్తరాలు ఒక ఎత్తు. దక్షిణ ఇటలీలో ఏ ఊరైనా తీసుకోండి, ప్రతి రెండో ఇంట్లో న్యూయార్క్‌లోనో షికాగోలోనో ఒక బాబాయి, ఒక పెద్దమ్మ కొడుకు. చర్చిలు, పత్రికలు వాళ్ల చేత ఇంటికి ఉత్తరాలు రాయించాయి. నమూనా కూడా వాళ్లే అచ్చేసి ఇచ్చారు. లక్షల్లో పోయాయి. కమ్యూనిస్టు పార్టీలో చేరినవాళ్లని అమెరికా గడప తొక్కనిచ్చేది లేదని ఒక ప్రకటన కూడా వచ్చింది. ఇప్పుడు మన ఊరికి రండి. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి పోలింగ్ ముందు రాత్రి ఫోన్ చేసి నాన్నతో ఎవరికి ఓటెయ్యాలో చెబుతాడు. నాన్న సరే అంటాడు. వేస్తాడో లేదో మనకి తెలియదు. (నవ్వులు) ఇటలీలో కూడా తెలియదు. కానీ ఆ చేతిరాత తనవాళ్లది. రాయబారి మాట వేరు, బాబాయి మాట వేరు.

ఇక్కడ నేను ఒక నెల మీద ఆగుతాను. మార్చి 1948. ఆ నెలలో రెండు కాగితాలున్నాయి. అప్పట్లో ఎవరికీ తెలియవు, దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి.

మొదటిది మార్చి 15 నాటిది. అమెరికా విదేశాంగ శాఖలో విధానాల బుర్ర అనిపించుకున్న జార్జ్ కెన్నన్ అప్పుడు మనీలాలో ఉన్నాడు. అక్కణ్నుంచి ఒక తంతి పంపాడు. సారాంశం ఏమిటంటే, ఈ ఎన్నికలో కమ్యూనిస్టులు గెలవడం కన్నా, ఎన్నికకి ముందే ఇటలీ ప్రభుత్వం ఆ పార్టీని నిషేధిస్తే మంచిది కాదా అని. వాళ్లు తిరగబడి అంతర్యుద్ధం వస్తే రానీ, రక్తం పారితే పారనీ. అది కూడా రక్తం పారకుండా మొత్తం పోగొట్టుకోవడం కన్నా నయం. చదువుకున్న, నెమ్మదైన మనిషి, ఇంత మాట రాశాడు. వాషింగ్టన్ ఒప్పుకోలేదు.

రెండోది మార్చి 23 నాటిది. తొల్యాత్తి రోమ్ బయట ఒక అడవిలో రష్యా రాయబారిని రహస్యంగా కలిశాడు. అడిగింది ఇది: మేం గెలిస్తే వాళ్లు అధికారం ఇవ్వకపోతే, లేదా మమ్మల్ని రెచ్చగొడితే, తుపాకులు తియ్యమంటారా? తీస్తే పెద్ద యుద్ధం వస్తుందేమో అని కూడా ఆయనే అన్నాడు. మూడు రోజుల్లో మాస్కో నుంచి జవాబొచ్చింది. మీ ఆఫీసుల మీద దాడి జరిగితే కాపాడుకోవడానికి సరే. ఆయుధాలతో అధికారం పట్టుకోవడానికి మాత్రం ససేమిరా వద్దు. యుగోస్లావియా కమ్యూనిస్టుల సలహా వినకండి, వాళ్లకి ఇటలీ సంగతి తెలియదు అని.

ఎనిమిది రోజుల తేడా. ఇద్దరు తెలివైనవాళ్లు, ఇద్దరికీ ఒకే అనుమానం, అవతలివాడు ఓటుని గౌరవించడని. ఓట్ల పెట్టెని పక్కన పెడితేనో అన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. ఇద్దరికీ పైనుంచి వద్దన్నారు. మంచితనంతో వద్దన్నారని నేననను. స్టాలిన్‌కి ఇటలీ అవతలివాళ్ల వాటాలో ఉన్న దేశం, దాని కోసం అమెరికాతో యుద్ధం పెట్టుకోడు. అమెరికాకి, ఓటుతో గెలిచే అవకాశం ఉండగా ఆ చెడ్డపేరు ఎందుకు? ఎవరి లెక్కలు వాళ్లవి. ఆ లెక్కల మధ్య ఇటాలియన్లకి ఒక ఆదివారం మిగిలింది.

ఓటు ఎలా వేశారో చెప్పాలి, ఇక్కడే మనవాళ్లకి తికమక. మనకి ఒక నియోజకవర్గం, ఒక సీటు, ఎక్కువ వచ్చినవాడిది. వాళ్లది అలా కాదు. ఒక్కో ప్రాంతానికి చాలా సీట్లు, ఒక్కో పార్టీది ఒక్కో జాబితా. ఓటరు పార్టీ గుర్తు మీద గీత కొడతాడు. వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు. ఆ తర్వాత జాబితాలో తనకి నచ్చిన ముగ్గురి నలుగురి పేర్లు కూడా రాయొచ్చు. ఈ చివరి ముక్క నెన్ని కొంప ముంచింది. ఫ్రంట్ జాబితా ఒకటే, అందులో సోషలిస్టులూ ఉన్నారు, కమ్యూనిస్టులూ ఉన్నారు. కమ్యూనిస్టు ఓటరు క్రమశిక్షణగా తన పార్టీవాళ్ల పేర్లే రాశాడు. సోషలిస్టు ఓటరు గుర్తు మీద గీత కొట్టి ఇంటికి పోయాడు. ఫ్రంట్‌కి 183 సీట్లొస్తే అందులో సోషలిస్టులకి మూడో వంతు కూడా దక్కలేదు. రెండేళ్ల కిందట వాళ్లు కమ్యూనిస్టుల కన్నా పెద్ద పార్టీ. పొత్తు పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క పేజీ చదువుకుంటే చాలు.

ఓటుకి వచ్చింది 92 శాతం. ఓటర్లలో సగానికి పైగా ఆడవాళ్లు. ఫలితం చూసి గెలిచినవాళ్లే నోరెళ్లబెట్టారు. క్రిస్టియన్ డెమొక్రాట్లకి 48.5 శాతం ఓట్లు, 574లో 305 సీట్లు. ఫ్రంట్‌కి 31 శాతం. సరగాట్‌కి 7.1. ఆ రిపబ్లిక్‌లో దిగువ సభలో ఒకే పార్టీకి సొంతంగా మెజారిటీ రావడం అదే మొదలు, తర్వాత ఆ పార్టీకి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇందాక అంకెలు మనసులో పెట్టుకోమన్నాను కదా, ఇప్పుడు తియ్యండి. 1946లో సోషలిస్టులూ కమ్యూనిస్టులూ కలిపి 39.6 శాతం. 1948లో ఫ్రంటూ సరగాటూ కలిపి 38.1. తగ్గింది ఒకటిన్నర. ఓట్ల సంఖ్య చూస్తే తగ్గనే లేదు, 91 లక్షలు కాస్తా కోటికి చేరాయి. మరి దె గాస్పెరికి 46 లక్షల కొత్త ఓట్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? కుడి పక్కనుంచి. రాజుగారి అభిమానులు, లిబరల్స్, ఏ పార్టీ వద్దు పొమ్మన్న మామూలు మనిషి పార్టీ, ఇంతకుముందు ఓటుకి రానివాళ్లు, అందరూ ఆ శిలువ ఉన్న డాలు గుర్తు కిందకి పరిగెత్తారు. ఆ పోస్టర్లు, ఆ ఉత్తరాలు, ఆ నోట్ల సంచులు ఎర్ర ఓటరుని తెల్లగా మార్చలేదు. చెల్లాచెదురుగా ఉన్న తెల్ల ఓటుని ఒకే కుప్ప చేశాయి. పాఠంలోని ఆ రెండు వాక్యాలు నాకు చాలకపోవడం ఇందుకే.

ఈ కుప్ప పోయడం మనకీ తెలుసు. 1955లో నాకు ఏడేళ్లు. ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతరం. కాంగ్రెస్ కాడెద్దులు ఒక వైపు, కమ్యూనిస్టుల కంకీ కొడవలీ ఒక వైపు. మా వీధి పిల్లలం ఎవరు కరపత్రాలు పంచితే వాళ్ల జీపు వెనక పరిగెత్తేవాళ్లం, మాకు సిద్ధాంతం లేదు. 1952లో ఈ ప్రాంతం నుంచి మద్రాసు శాసనసభకి 41 మంది కమ్యూనిస్టులు వెళ్లారు. ఇక అధికారం వాళ్లదే అనుకున్నారు. 1955లో కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు పంతాలు పక్కన పెట్టి ఒకటయ్యాయి. నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ మాస్కో ప్రావ్దా రాసిన సంపాదకీయాన్ని పట్టుకుని, మీ మాస్కోనే మమ్మల్ని మెచ్చుకుంది కదయ్యా అని ఊరూరా ప్రచారం చేశారు. కమ్యూనిస్టులకి వచ్చిన ఓట్లు ఎంతో తెలుసా? 31 శాతం. ఇటలీ అంకే. ఇటలీలో 31 శాతానికి 574లో 183 సీట్లు. మన దగ్గర 31 శాతానికి 196లో 15. కూటమికి 146. మీరు ఆ పార్టీ అభిమానులైనా కాకపోయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూడండి. ఓటమి ఒకటే, కానీ 183 మంది సభలో కూర్చుంటే ఆ ఓటమి రుచి వేరుగా ఉంటుంది. ఓడినా మాట్లాడే చోటుంది. జులైలో అది ఉపయోగపడింది.

జులై 14. పొద్దున పదకొండున్నర ప్రాంతం. తొల్యాత్తి పార్లమెంటు భవనం పక్క తలుపు నుంచి బయటికొస్తున్నాడు. సిసిలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థి దగ్గర నుంచి కాల్చాడు. వార్త పొక్కింది, గంటల్లో దేశం ఆగిపోయింది. రైళ్లు ఆగాయి. ట్యూరిన్‌లో కార్మికులు ఫియట్ ఫ్యాక్టరీ పట్టుకుని, దాని అధిపతి వల్లెత్తాని లోపలే ఉంచేశారు. జెనోవాలో వీధులు జనం చేతిలోకి పోయాయి. గడ్డివాముల్లోంచి తుపాకులు బయటికొచ్చాయి. పోలీసులు, కార్మికులు ఇరువైపులా చచ్చిపోయారు. ఒక్క మాట చాలు అంటుకోవడానికి. ఆ మాట పార్టీ ఇవ్వలేదు. ప్రశాంతంగా ఉండండి, తల పోగొట్టుకోకండి అని గాయపడ్డ తొల్యాత్తే చెప్పాడంటారు. రెండు రోజుల్లో కార్మిక సంఘం సమ్మె విరమించింది.

దీనికి ఇటలీవాళ్లు చెప్పుకునే తియ్యటి కథ ఒకటుంది. సైకిల్ పందెం వీరుడు బార్తాలి అప్పుడు ఫ్రాన్సులో, టూర్ ద ఫ్రాన్స్ పందెంలో ఉన్నాడు. వయసు మీద పడింది, మొదటివాడి కన్నా 20 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. ఆ రాత్రి దె గాస్పెరి ఫోన్ చేసి, గెలవగలవా అని అడిగాడట. మర్నాడు కొండల్లో బార్తాలి అందరినీ వెనక్కి నెట్టేశాడు, చివరికి ఆ పందెం మొత్తం గెలిచాడు. ఆ వార్త విని జనం తుపాకులు దించి చప్పట్లు కొట్టారట. పందెం గెలిచిన మాట అక్షరాలా నిజం. తుపాకులు దించింది మాత్రం సైకిల్ కాదు. మార్చి 26న మాస్కో నుంచి వచ్చిన జవాబు ఆ పార్టీ పెద్దల జేబుల్లో అప్పటికే ఉంది. దానితో పాటు 183 సీట్లు కూడా ఉన్నాయి. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడే ఆగుతాడు. అయినా నాకు బార్తాలి కథ ఇష్టమే, పిల్లలకి ఎప్పుడూ అదే ముందు చెప్పేవాణ్ని.

గెలిచినాయన సంగతి చూడండి. 305 సీట్లున్నాయి, ఎవరి సాయమూ అక్కర్లేదు. చర్చిలో కొందరికి అచ్చమైన కాథలిక్ ప్రభుత్వం కావాలి. దె గాస్పెరి ఒప్పుకోలేదు. సరగాట్‌ని, లిబరల్స్‌ని, చర్చి అంటే గిట్టని రిపబ్లికన్లని మంత్రివర్గంలో కూర్చోబెట్టుకున్నాడు. మేలో రాష్ట్రపతిగా లిబరల్ అయిన ఎయినౌదిని ఎన్నుకున్నారు. కమ్యూనిస్టు పార్టీని నిషేధించమని ఒత్తిడి వస్తూనే ఉంది, ఆ పని చెయ్యలేదు. చర్చి మాత్రం ఊరుకోలేదు. 1949 జులైలో కమ్యూనిస్టులని వెలివేస్తూ రోమ్ నుంచి ఆజ్ఞ వచ్చింది. వెలి అన్నారు గానీ ఆ పార్టీ ఓట్లు తర్వాత పెరుగుతూనే పోయాయి.

ఆయన్ని మరీ ఆకాశానికి ఎత్తేస్తున్నానని మీరనుకోవచ్చు. కాబట్టి 1953 కూడా చెప్పి ముగిస్తాను. 1948 లాంటి గెలుపు మళ్లీ రాదని ఆయనకి తెలుసు. అందుకని ఒక చట్టం తెచ్చాడు. సగం కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న కూటమికి దిగువ సభలో 590కి 380 సీట్లు. ప్రతిపక్షం దాన్ని మోసపు చట్టం అని పిలిచింది, ఆ పేరే ఉండిపోయింది. సభలో కొట్టుకున్నంత పనిచేశారు. 1953 జూన్ 7న ఓటింగ్. కూటమికి వచ్చింది 49.8 శాతం. రెండు కోట్ల 70 లక్షలకు పైగా చెల్లిన ఓట్లలో ఆయనకి తక్కువైనవి అరవై వేలు కూడా లేవు. చెల్లని ఓట్లు చూస్తే పది లక్షలు దాటాయి. మళ్లీ లెక్క పెట్టించమన్నవాళ్లు ఆయన పక్కనే ఉన్నారు. ఆయన పెట్టించలేదు. జులైలో సభ విశ్వాసం ఇవ్వలేదు, దిగిపోయాడు. ఆ చట్టాన్ని 1954లో రద్దు చేశారు, ఆ ఆగస్టులోనే ఆయన తన కొండల్లో కన్ను మూశాడు.

ఇక ప్రశ్నలు అడగండి. వెనక నీలం చొక్కా ఆయన ఇందాక 31 శాతం అన్నప్పటి నుంచి చెయ్యి దించలేదు. ముందు మీరు కానివ్వండి.